ఒక్కరు తప్ప అందరూ

ఫిబ్రవరి 6

పత్రిక వచ్చింది. బావ వ్యాసమే మొదటిది. నా సూత్రం మూడో పేరాలో ఉంది. నా పేరు ఎక్కడా లేదు. చివర్న కృతజ్ఞతల్లో కంప్యూటర్ గదివాళ్లున్నారు, రిటైరవబోతున్న డైరెక్టరుగారున్నారు, "ఇన్నాళ్లూ ఓపిక పట్టిన" మా అక్క ఉంది. నేను లేను.

ఫిబ్రవరి 7

కోపంగా ఉన్నప్పుడు ఏదీ రాయకూడదంటారు. అనేవాళ్లకి బావలు లేరేమో.

నాదని ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. అభిప్రాయాలు మనుషుల మధ్య ఎలా పాకుతాయో లెక్కకట్టడం మా సంస్థ పని. అందరూ రాసే మోడల్‌లో మనిషి పక్కవాళ్ల మాట విని తన అభిప్రాయాన్ని కొంచెం కొంచెం జరుపుకుంటూ పోతాడు. చివరికి అందరూ ఒక్క మాట మీదకి వస్తారు. నేను చెప్పింది వేరు. ఎదుటివాడి మాట తనకి దగ్గరగా ఉంటేనే మనిషి జరుగుతాడు. మరీ దూరంగా ఉంటే అభిప్రాయాన్ని మార్చుకోడు, మనిషినే మార్చుకుంటాడు. ఆ చెప్పినవాడితో తెంచుకుని తనలాంటివాణ్ణి ఇంకొకణ్ణి వెతుక్కుంటాడు. అంతే. ఇంత చిన్న విషయానికి రెండేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

బావకి చెప్పింది పోయిన వానాకాలంలో, వాళ్ల బాల్కనీలో. కరెంటు లేదు. బావ నారింజ పండ్లు వొలిచి, పీచు తీసి, అక్కకో తొన, నాకో తొన ఇస్తున్నాడు. నేను ఆయన ఆకుపచ్చ పెన్ను తీసుకుని కరెంటు బిల్లు వెనక సున్నాలు గీశాను. గీతలతో కలిపాను. ఒక గీత కొట్టేసి, దాన్ని వేరే సున్నాకి తిప్పి చూపించాను. బావ తొన నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకుని చూశాడు. "పిచ్చి ఆలోచన చిన్నీ. కానీ బాగుంది" అన్నాడు. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నేను మురిసిపోయాను కూడా.

ఫిబ్రవరి 8

అడిగేశాను. ఆయన గదికి వెళ్లి, తలుపు మూసి.

"ఏ సూత్రం?" అన్నాడు ముందు. తర్వాత కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇంట్లో వంద మాట్లాడుకుంటాం చిన్నీ. అందులో ఎవరిదేదో ఎవరు చెప్పగలరు?"

"నేను చెప్పగలను బావా. మీరూ చెప్పగలరు."

"వచ్చే నెల వరసలు అయిపోనీ, తీరిగ్గా చూద్దాం. ఈలోపు అక్కతో అనకు. ఊరికే బాధపడుతుంది."

నాకు ప్రోగ్రామ్ రాయడం నేర్పిన మనిషి. తప్పు వస్తే తిట్టేవాడు కాదు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు. పరాయివాడు చేసుంటే ఇంత మండేది కాదు.

ఫిబ్రవరి 9

వరసలు. ఆ మాట వింటేనే ఆయన మొహం వెలిగిపోతుంది.

మా దగ్గర డైరెక్టరుని ఎన్నుకోవడానికి ఓట్లు లేవు. ఏకాభిప్రాయం మీద పరిశోధన చేసేవాళ్లు చేతులెత్తి లెక్కపెట్టుకోవడం సిగ్గుచేటని మొదట్లో ఎవరో పెద్దలు అనుకున్నారట. లైబ్రరీ ఆవిడతో సహా అందరం గుండ్రంగా కూర్చుంటాం. ఒక్కొక్కరూ ఒక పేరు చెప్పాలి. అదొక వరస. టీ తాగుతాం. మళ్లీ ఇంకో వరస. మనసు మార్చుకునేవాళ్లు మార్చుకోవచ్చు. అందరి నోటా ఒకే పేరు వచ్చేదాకా తలుపు తెరవరు. ఒక్కరు మొండికేసినా కుదరదు.

ఈసారి రెండు పేర్లు. కింది అంతస్తు తరఫున బావ, పై అంతస్తు తరఫున 'టై'. నడివేసవిలో కూడా టై విప్పని మనిషి, అందుకా పేరు. బావకి ఈ కుర్చీ మీద ఎంత ఆశంటే, సంతకం కింద 'డైరెక్టర్' అని రాసి చూసుకుంటున్నాడని అక్కే నవ్వుతూ చెప్పింది.

ఆ కుర్చీ ఆయనకి రాకూడదు. ఆ గదిలో అందరి ముందూ "అది మా మరదలిది, నేను కాజేశాను" అని ఆయన నోటితోనే అనాలి. నాకు ఈ రెండూ కావాలి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను.

ఫిబ్రవరి 11

కాగితం మీద పెట్టాను. ఒకటి అంటే బావ మహానుభావుడు. సున్నా అంటే దొంగ. ప్రస్తుతం అందరూ ఒకటి దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నేను వెళ్లి 'దొంగ' అంటే నా సూత్రం నాకే తగులుతుంది. నమ్మరు సరికదా, నన్ను వదిలించుకుంటారు. కాబట్టి మెట్లు కావాలి. మొదటి మెట్టు: బావ ఈమధ్య మర్చిపోతున్నాడు. దీనికి సున్నా పాయింట్ ఆరు వేశాను. అక్కణ్ణుంచి అజాగ్రత్త, తర్వాత ఎవరి పని ఏదో తెలియకుండా రాసేస్తున్నాడు, తర్వాత అసలు మాట.

చెప్పాల్సింది ఎక్కువమంది తెలిసినవాళ్లకి కాదు, రెండు అంతస్తుల మధ్యా తిరిగేవాళ్లకి. అలాంటివాళ్లు ఇద్దరే. లైబ్రరీ ఆవిడ, 'గడ్డం'. గడ్డం కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడిగా వచ్చి ఇప్పుడు మా అందరికంటే సీనియర్ అయిన మనిషి.

ఇది పగ కాదు. ప్రయోగం.

ఫిబ్రవరి 13

లైబ్రరీ ఆవిడ బావకిచ్చిన పుస్తకం గడువు దాటిందంది. ఇంతకంటే మంచి సమయం రాదు.

"బావగారు కొంచెం మర్చిపోతున్నారండీ ఈమధ్య. చిన్న విషయమేలెండి. ఎవరైనా మర్చిపోతారు. కానీ..."

అక్కడ ఆపేశాను. 'కానీ' తర్వాత నోరు మూసుకోవడమే అసలు పని. మిగతాది వినేవాళ్లే పూరించుకుంటారు. ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "అయ్యో" అంది. నేను తల దించుకున్నాను. నటన ఇంత బాగా వస్తుందని నాకే తెలియదు.

ఫిబ్రవరి 18

గడ్డం పక్కనుండగా, "నిన్న చెప్పాను కదా బావా, మీటింగ్ మూడింటికి మారిందని" అన్నాను.

చెప్పలేదు.

"చెప్పావా?" అన్నాడు బావ. నుదురు రుద్దుకున్నాడు. "చెప్పే ఉంటావు."

గడ్డం నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. పొద్దున ఆయన టీ కప్పు తీసుకెళ్లి ప్రింటర్ గదిలో పెట్టింది కూడా నేనే. సాయంత్రం దాకా వెతుక్కున్నాడు. చూస్తుంటే కడుపు చల్లగా ఉంది.

ఫిబ్రవరి 25

గడ్డం టీ దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. "నీకు చెప్పాలో వద్దో. సారు కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టేశారట కదా."

ఫ్రిజ్ సంగతి నాది కాదు. దారిలో ఎవరో చేర్చారు. నేను కన్న పుకారు నడవడం నేర్చుకుంది.

మార్చి 2

ఇవాళ బావ గదికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసుకున్నాడు.

మార్చి 3

మళ్లీ లాగి చూసుకున్నాడు. బాగుంది. చాలా బాగుంది.

మార్చి 6

అక్క ఫోన్ చేసింది. పళ్ల డాక్టరు కదా, ఎవరి నోట్లోనో చేతులు పెట్టి మధ్యమధ్యలో మాట్లాడుతుంది, నాకలవాటే. ఇవాళ మాత్రం క్లినిక్ మూసేసి చేసింది.

"చిన్నీ, ఆఫీసులో మీ బావ ఎలా ఉంటున్నారే? ఎవరెవరో నన్ను ఆపి ధైర్యం చెబుతున్నారు. దేనికో అర్థం కాక నవ్వి ఊరుకున్నాను."

"ఏముందక్కా, పని ఒత్తిడి."

"నువ్వేమైనా గమనించావా?"

గమనించలేదు అనొచ్చు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. "కొంచెం" అన్నాను.

మార్చి 10

మధ్య మెట్లు వదిలి అసలు మాటకి వచ్చేశాను. గడ్డంతో అన్నాను, పత్రికలో వచ్చిన సూత్రం నిజానికి ఎవరిదో బావకి బాగా తెలుసని.

గడ్డం టీ కింద పెట్టేశాడు. "నీదా అది? అయ్యో. పాపం, మర్చిపోయి తనదే అనుకుని ఉంటారు. ఈ పరిస్థితిలో అలాంటివి జరుగుతాయి. మా పెదనాన్న చివర్లో పక్కింటి సైకిల్ తనదేనని గొడవ పెట్టేవాడు." నా భుజం తట్టాడు. "నువ్వే పెద్దమనసు చేసుకోవాలి."

పెద్దమనసట.

లైబ్రరీ ఆవిడతో అన్నాను. ఆవిడా అదే మాట. ఇంకా పైపెచ్చు, "ఇప్పుడివన్నీ తవ్వకు తల్లీ, తట్టుకోలేడు" అంది.

మార్చి 11

తప్పు ఎక్కడో తెలిసింది. అభిప్రాయాన్ని సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకెగా రాసుకోవడం మా వృత్తిలో అందరికీ అలవాటు. లెక్క సులువు. మహానుభావుడికీ దొంగకీ మధ్య దారిలో మరుపు ఉంటుందని నేను అనుకున్నాను. సున్నా పాయింట్ ఆరు అని ధీమాగా వేశాను. మరుపు ఆ దారిలోనే లేదు. అది పక్కకి తిరిగే వేరే వీధి, దాని చివర జాలి ఉంది. మొత్తం సంస్థని చెయ్యిపట్టుకుని ఆ వీధిలోకి నేనే నడిపించాను. ఇప్పుడు ఎవర్ని పిలిచినా వెనక్కి రారు.

మర్చిపోయినవాణ్ణి దొంగ అని ఎవరంటారు?

మార్చి 17

అక్క ఆయన్ని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది. తిరిగొస్తూ ఆయన్ని ఇంట్లో దింపి నేరుగా నా గదికొచ్చింది. మంచం అంచున కూర్చుంది, చెప్పులు కూడా విప్పలేదు.

"ఐదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నారే. మూడే చెప్పారు. ఇప్పుడే కంగారు పడొద్దన్నారు. ఏవో మాత్రలు రాసిచ్చి ఒక ఏడాది చూద్దామన్నారు." చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు చూసుకుంది. "పన్ను పుచ్చితే పూడుస్తాను. దీనికేం పెట్టి పూడ్చనే?"

మూడే చెప్పాడా? ఎందుకు?

అక్క వంటింట్లో డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించిందట, ఆయనకి తడుముకోవాల్సిన పని లేకుండా. పంచదార అని రాసి అంటిస్తున్నప్పుడు ఏడుపొచ్చిందంది.

ఇది పగ కాదు. ప్రయోగం.

మార్చి 23

ఇక ఆగలేకపోయాను. అక్క క్లినిక్‌కి వెళ్లి, "బావకి ఏమీ లేదక్కా. నిక్షేపంలా ఉన్నాడు. ఇదంతా పుట్టించింది నేనే" అన్నాను.

అక్క నన్ను దగ్గరకి తీసుకుంది. "నాకు ధైర్యం చెప్పడానికి ఎన్ని కథలు అల్లుతావే" అంది. ఆవిడ చేతి తొడుగు నా మెడకి చల్లగా తగిలింది.

నిజం చెప్పినా ఓదార్పు కిందే జమ అయింది. అక్క నమ్మనందుకు నాకు మాత్రం పోయే ప్రాణం తిరిగొచ్చినట్టయింది. అందుకు సిగ్గేసింది. అయినా వరసలు ఇంకా ఉన్నాయి. కుర్చీ ఇంకా ఎవరిదీ కాలేదు. జ్ఞాపకం లేనివాణ్ణి ఎవరూ డైరెక్టర్ చెయ్యరు. కనీసం అది మిగిలింది.

మార్చి 30

వరసలు.

మొదటి వరసలో కింది అంతస్తు బావ అంది, పై అంతస్తు టై అంది. నేను టై పేరు చెప్పాను. గదిలో ఎవరో గాలి గట్టిగా పీల్చారు. బావ తల తిప్పలేదు.

టీ రాకముందే బావ లేచి నిలబడ్డాడు. వరసల్లో ప్రసంగాలుండవు. కానీ డైరెక్టరుగారు మాట్లాడమన్నట్టు తలూపారు.

"నా మీద నాకే నమ్మకం తగ్గుతోంది" అన్నాడు బావ. "మీకందరికీ తెలుసు. తెలిసి కూడా మీరెంత మర్యాదగా ఉంటున్నారో నాకు తెలుసు. పత్రికలో వచ్చిన సూత్రం మా మరదలిది అయ్యుండొచ్చు. తను వచ్చి అడిగింది. నాకు గుర్తులేదు. నాదే అనుకుని రాశాను. తన పేరు కూడా చేర్చమని వాళ్లకి రాస్తాను. ఇక ఈ కుర్చీ సంగతి మీ ఇష్టం."

అయ్యుండొచ్చు. తన పేరు *కూడా*. కాజేశాను అనలేదు. గుర్తులేదు అన్నాడు. నేను అడిగినవి రెండూ ఇలా తిప్పి నా చేతిలో పెట్టాడు.

లైబ్రరీ ఆవిడ కొంగుతో కళ్లద్దుకుంది. టై లేచి, "ఇంత నిజాయితీ ఉన్న మనిషికి పోటీగా నా పేరు వద్దు" అన్నాడు. ఎవరో నసిగారు, ఆరోగ్యం అదీ అని. డైరెక్టరుగారు నవ్వారు. "నాకు మాత్రం ఏం గుర్తుండేది? పెట్టమన్నచోట సంతకం పెట్టాను. మీరంతా లేరా చూసుకోవడానికి?" అందరూ నవ్వారు, కన్నీళ్లతో.

రెండో వరస. బావ, బావ, బావ. పై అంతస్తు కూడా. నా వంతు వచ్చింది. టై అన్నాను. టై తన టై సర్దుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

టీ.

మూడో వరస. ఒక్కరు తప్ప అందరూ.

మళ్లీ టీ. తిరిగొచ్చి కూర్చునేసరికి నా కుర్చీకి రెండు పక్కలా ఖాళీ. అటు గడ్డం, ఇటు కంప్యూటర్ గది ఆవిడ, ఇద్దరూ కుర్చీలు జరుపుకున్నారు. కావాలని జరిపారని కూడా వాళ్లకి తెలిసుండదు. నా మోడల్‌లో అచ్చం ఇలాగే ఉంటుంది. ముందు గీత సన్నబడుతుంది, తర్వాత ఉండదు. తెర మీద ఎన్నిసార్లు చూశానో. చూసి ముచ్చటపడ్డాను.

నాలుగో వరసలో లేచి నిలబడ్డాను. "ఆయన ఏదీ మర్చిపోలేదు. అన్నీ తెలిసే చేశారు. మీ అందరి ముందూ నటిస్తున్నారు."

లైబ్రరీ ఆవిడ మెల్లగా అంది. "మర్చిపోతున్నారని నాతో మొట్టమొదట అన్నది నువ్వే కదమ్మా? అప్పుడు బెంగతో చెప్పావు. ఇప్పుడు పంతంతో కాదంటున్నావు."

"మీటింగ్ సంగతప్పుడు నేనూ ఉన్నాను" అన్నాడు గడ్డం, నన్ను చూడకుండా.

అప్పుడు బావ తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లెక్క సరిపోయినప్పుడు ఆయన తెర వైపు చూసే చూపు అది. "పోనివ్వండి" అన్నాడు. "చిన్నపిల్ల. నామీద అలిగింది."

తలుపు బయట వరండాలో అక్క ఉంది, ఫ్లాస్కుతో, ఆయన మాత్రలతో. అద్దంలోంచి కనిపిస్తోంది. అందరూ ఇంటికి పోవాలి. అందరూ నన్నే చూస్తున్నారు. ఇంత అసహ్యంగా నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఐదో వరసలో బావ పేరు చెప్పాను. చప్పట్లు కొట్టారు. తలుపు తీశారు.

మార్చి 31

ప్రయోగం కాదు. పగే. మొదటిరోజు నుంచీ పగే. ఇప్పుడు ఇంకా ఎక్కువ.

ఏప్రిల్ 3

వరసల్లో నేనేమన్నానో అక్కకి ఎవరో చెప్పేశారు. అయినా భోజనానికి పిలిచింది, లోకం కోసం. నాకు వడ్డించింది కానీ నా మొహం చూడలేదు. "కొన్నాళ్లు రాకే చిన్నీ" అంది, గిన్నె వైపు చూస్తూ. "ఆయన కోలుకోనీ." వంటింట్లో ప్రతి డబ్బా మీదా అక్క గుండ్రటి అక్షరాలు. ఉప్పు. పంచదార. టీ.

భోజనాలయ్యాక బావ బాల్కనీలోకి పిలిచాడు. వెళ్లాను. తలుపు దగ్గరకి వేశాడు.

"నా కప్పు ప్రింటర్ గదిలో పెట్టింది నువ్వేనా?"

నేను మళ్లీ నేల వైపు చూశాను.

"మూడింటి మీటింగ్ నువ్వు చెప్పలేదు కదా? నాకు అప్పుడే అనుమానం వచ్చింది. లైబ్రరీలో నా గురించి గుసగుసలు విన్నరోజు మొత్తం అర్థమైంది." రెయిలింగ్ మీద చేతులు ఆనించాడు. "దొంగ అనిపించుకోవడమా, పాపం అనిపించుకోవడమా? దారి నువ్వే వేశావు చిన్నీ. నేను నడిచాను."

"డాక్టరు దగ్గర మూడు మాటలే..."

"ఐదూ చెబితే మీ అక్క నమ్మేదా?"

కొట్టాలనిపించింది. నిజంగానే, చెయ్యి లేచింది కూడా. అక్క నెల్లాళ్లుగా ఏడుస్తోందని అరవబోయాను. ఆ ఏడుపు మొదలుపెట్టింది ఎవరో గుర్తొచ్చింది.

"నీకిది నచ్చుతుంది, విను" అన్నాడు. వీధి వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "పోయిన వానాకాలం. ఇక్కడే. కరెంటు లేదు. నా ఆకుపచ్చ పెన్ను. కరెంటు బిల్లు వెనక సున్నాలు గీశావు, ఒక గీత కొట్టేసి పక్కకి తిప్పావు. పిచ్చి ఆలోచన, కానీ బాగుంది అన్నాను. నువ్వు నారింజలు వొలిచి, పీచు తీసి, నా చేతిలో తొనలు పెడుతున్నావు. నాకు తినబుద్ధి కాలేదు, అంత బాగుంది ఆ ఆలోచన. చూశావా? అక్షరం పోలేదు."

నా వైపు తిరిగి నవ్వాడు. గెలిచిన నవ్వే.

లోపల్నుంచి అక్క పిలిచింది, మాత్ర వేసుకోమని. వెళ్లాడు. బాల్కనీ తలుపు మూసి గడియ పెట్టాడు. వెనక్కొచ్చి ఒకసారి లాగి చూశాడు.

నేను ఇంకా బాల్కనీలోనే ఉన్నాను.

ఏప్రిల్ 4

వెనక్కి తిరిగి నన్ను చూసి, "అరె" అని తలుపు తీశాడు. నిన్న అది రాయలేదు.

నారింజలు వొలిచింది బావే. నాకు బాగా గుర్తు. అక్కకో తొన, నాకో తొన.

అన్నీ చెప్పాడు. పెన్ను రంగు చెప్పాడు, బిల్లు చెప్పాడు, తను అన్న మాట చెప్పాడు. చూసుకో, నాకేమీ కాలేదు అని నాకు రుజువు చేయడానికే చెప్పాడు. ఆ ఒక్కటీ కావాలని తప్పు చెప్పాల్సిన అవసరం లేదు. అక్కడ నమ్మించాల్సినవాళ్లు ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను.

అబద్ధమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

చిన్న విషయమేలే. ఎవరైనా మర్చిపోతారు. కానీ